వెనక అర్రలో పాతర

చెన్నూరు పాత గంజ్‌లో మాకో ఇల్లుంది. ఒకప్పుడు ధాన్యం సేటుది. మా మామ, ఆశీర్వాదం ఆయన పేరు, దాన్ని చవకగా కొన్నాడు. అంత చవకగా ఎందుకు వచ్చిందో ఆయన బతికినన్నాళ్లూ చెప్పలేదు, చవకగా వచ్చినదాన్ని ఎందుకని అడిగే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. ఆ ఇంటికి సున్నాలు వేయించి, ఏసీ పెట్టించి, 'గంజ్ కాటేజ్' అని ఫోన్లో ఫొటోలు పెట్టాం. గోదావరి స్నానానికి వచ్చేవాళ్లు, కాళేశ్వరం పోయేవాళ్లు ఒకటి రెండు రోజులు దిగిపోతుంటారు. మేం అదే వాకిట్లో పక్కింట్లో ఉంటాం. వండిపెట్టేది, ఊడ్చేది, దుప్పట్లు ఉతికేది నేను. వచ్చినవాళ్లతో ముచ్చట్లు పెట్టేది మా ఆయన ప్రేమ్‌చంద్.

ఆ ఇంటి వెనక అర్రలో, బండ కింద, పాతర ఉంది. జొన్నలు దాచడానికి నేలలో తవ్విన గొయ్యి. మూతి ఒక మనిషి పట్టేంతే, కడుపు మాత్రం గది అంత. పెద్ద కుండను మెడదాకా భూమిలో పాతినట్టు ఉంటుంది. మా బాపు సేద్యగాడు, చిన్నప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాడు. "బిడ్డా, పామైతే బుస్సుమంటది. పాతర సప్పుడు చెయ్యది. మూసిన పాతరల గాలి ఇసమైతది. తెరిస్తే ముందుగాల దీపం దించాలె. దీపం ఆరిందా, మనిషి దిగొద్దు."

ఇది ప్రేమ్‌చంద్‌కు తెలియని సంగతి కాదు. ఈ పక్క పుట్టినవాళ్లందరికీ తెలుసు. కానీ సేటు పోతూపోతూ ఆ పాతరలో బంగారం పడేసి బండ వేశాడని ఆయన గట్టి నమ్మకం. సేటుకేం పిచ్చా, బంగారం పాతరలో పెట్టి ఇల్లు అమ్ముకోవడానికి? ఈ మాట ఎన్నిసార్లు అడిగినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. బంగారం సంగతి నాకు పట్టలేదు. ఏదో ఒకనాడు నేను లేని సమయం చూసి ఆయన దిగుతాడు, దిగినవాడు మళ్లీ పైకి రాడు. నా భయమంతా అదే. అందుకే వెనక అర్రకు తాళం వేసి, ఆ పొడుగు తాళంచెవిని మిగతా గుత్తితో పాటు నా కొంగున కట్టుకున్నాను.

ఆ శనివారం సాయంత్రం కరీంనగర్ నుంచి ఇద్దరు వచ్చారు. మమతారాణి అని, బట్టల దుకాణంలో పనిచేసే అమ్మాయి, వాళ్ల బాపు మొండయ్య. డెబ్బైకి దగ్గర పడిన మనిషి, వంగిన భుజాలు. వచ్చినవాళ్లందరూ ముందు బాత్రూం చూస్తారు, తర్వాత ఏసీ నొక్కి చూస్తారు. ఈయన గడపలో నిలబడి, పైదూలానికి వేలాడే ఇనుప కొండీని చూస్తూ ఉండిపోయాడు. వెనకటికి గింజలు తూచే కాంటా దానికే వేలాడదీసేవాళ్లట. తర్వాత నావైపు తిరిగి అడిగాడు.

"వెనక అర్ర తెరిచే ఉంటదా అమ్మా?"

"వెనక అర్ర ఉన్నదని నీకెవలు చెప్పిండ్రు పెద్దయ్యా?"

కూతురే తొందరపడి అందుకుంది. "పాత ఇండ్లల్ల అన్నిట్ల ఉంటది గదక్కా. గట్లనే అడిగిండు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ పిల్ల వాలకం. అది సామాన్ల గది, తాళం తీసేది లేదని చెప్పి వచ్చేశాను. కాసేపటికి చాయ్ తీసుకుని వెళ్తే వాళ్లు వాకిట్లో ఉన్నారు, సంచి మంచం మీద నోరు తెరుచుకుని ఉంది. పసుపు, కుంకుమ, మట్టి ప్రమిద, నూనె సీసా, చుట్ట చుట్టిన కొత్త మోకు, తువ్వాలలో చుట్టిన గడ్డపార. గుప్తనిధుల కోసం పాత కోటలు, పాత ఇళ్లు తవ్వే ముఠాల కథలు ఈ పక్క ఎవరు వినలేదు? అలాంటివాళ్లు ఇప్పుడు నా ఇంట్లో, నేను వేసిన దుప్పటి మీద సంచి పెట్టుకుని దిగారు.

వెళ్లి మా ఆయనకు చెప్పాను. చెప్పి చెడ్డాను. నేను భయంతో చెబితే ఆయన ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలిగింది.

"చూసినవా? నేను చెప్తే నమ్మకపోతివి. అంతదూరం నుంచి ఊకనే వచ్చిండ్రా వాళ్లు?"

"రేపు చర్చి కాంగనే వాళ్లను పంపిస్త. అప్పటిదాక నువ్వు వాళ్ల గడప తొక్కద్దు."

"సరే తియ్, నీ ఇష్టం" అన్నాడు ప్రేమ్‌చంద్. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మనిషి ఏ మాటకూ అంత తొందరగా ఒప్పుకోలేదు. నేను దాన్ని మంచితనం అనుకున్నాను.

మా చర్చిలో ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. ఆదివారం ప్రేమ్‌చంద్ నాతోనే బయలుదేరి వచ్చాడు, నూనె రాసి తల దువ్వుకుని, చంకలో బైబిలు పెట్టుకుని. మగవాళ్ల వైపు తలుపు దగ్గరి బెంచీ మీద కూర్చున్నాడు. వాక్యం అయింది. కానుకల పాట మొదలైంది. కానుక తీయడానికి కొంగుముడి విప్పాను. గుత్తి ఉంది. బీరువాది ఉంది, వంటింటిది ఉంది, గేటుది ఉంది. పొడుగు తాళంచెవి లేదు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక మా పాస్టరుగారి ప్రార్థన ఎంత! తల తిప్పి మగవాళ్ల వైపు చూశాను. తలుపు దగ్గర బెంచీ మీద బైబిలు ఒక్కటే ఉంది.

పాట మధ్యలో లేచాను. పక్కన పాస్టరమ్మ హెప్సిబా నా చీర పట్టి లాగింది. "ఏందే దెబోరా, ఏమైంది?"

"మా ఆయన దిగుతుండు" అన్నాను. ఆమెకు ఏం అర్థమవుతుంది? చెయ్యి విదిలించుకుని బయట పడ్డాను. చెప్పుల గుట్టలో నా చెప్పులు వెతికే ఓపిక లేదు. వట్టి కాళ్లతో పరుగెత్తాను.

ఆ రోజు అంగడి. గంజ్ సందు నిండా జనం. మిరపకాయల కుప్పలు, ఎండుచేపల గంపలు, అడ్డంగా నిలిపిన ఆటోలు. ఎప్పుడూ నాకు ఎంతో ఇష్టమైన అంగడి, ఆ రోజు దాని మీద పట్టరాని కోపం వచ్చింది. ఒకామె ఉల్లిగడ్డల కుప్ప తొక్కి తిట్లు తిన్నాను. "దెబోరక్కా, ఏమైంది, గంత పరేషాన్ ఉన్నవ్?" అని షకీలా తన గాజుల బండి దగ్గర నుంచి అరిచింది. జవాబు చెప్పడానికి గుక్క తిరగలేదు. దారి పొడవునా నా చెవుల్లో ఒకటే మాట. పాతర సప్పుడు చెయ్యది, పాతర సప్పుడు చెయ్యది.

కాటేజీ తలుపు లోపల గడియ వేసి ఉంది. రెండు చేతులతో బాదాను. మమతారాణి ఏడుస్తూ తీసింది.

"అక్కా, జల్ది రాండ్రి. మా బాపు ఎంత చెప్పినా సారు ఇంటలేడు."

వెనక అర్ర తలుపు తెరిచి ఉంది. గడపలోనే పుల్లటి వాసన ముక్కుకు తగిలింది, తడిసి కుళ్లిన ఊక వాసన. బండ పక్కకు జరిపి ఉంది. నల్లటి మూతిలోంచి మా వెదురు నిచ్చెన కొస బయటికి వచ్చి ఉంది, ఆ నిచ్చెన మీద నడుం దాకా దిగి మా ఆయన ఉన్నాడు. చేతిలో టార్చి. చంకల కింద నుంచి కొత్త మోకు కట్టి ఉంది. దాని రెండో కొస కిటికీ ఊచకు ఒక చుట్టు తిరిగి మొండయ్య చేతుల్లో ఉంది. గోడవార ఇనుప తట్టలో ఆరిపోయిన ప్రమిద.

నన్ను చూసి ప్రేమ్‌చంద్ బడి ఎగ్గొట్టి దొరికిన పిల్లాడిలా నవ్వాడు.

"ఎక్కు పైకి" అన్నాను.

"జర ఊకో దెబోరా. ఒక్క చూపు చూసి వస్త."

"దీపం దించిన్రా?" అని ముసలాయన్ని అడిగాను.

"దించినమమ్మా. రెండు సార్లు. రెండు సార్లు ఆరింది."

"గాలికి ఆరిందది" అన్నాడు ప్రేమ్‌చంద్.

ఆ మాట వినగానే మొండయ్య మోకు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "గిదే మాట" అన్నాడు. "గా సేటు గూడ గిదే మాటన్నడు."

"ఏ సేటు? ఎవలు నువ్వు? ఎందుకొచ్చినవ్ మా ఇంటికి?" నేను అరిచాను.

ఆయన మోకు వదలకుండానే చెప్పాడు, నాకు కాదు, పాతరలో నిలబడ్డ మా ఆయనకు చెబుతున్నట్టు. "నేను, మా అన్న నాంపెల్లి గీ ఇంట్లనే హమాలీలం. మస్తు ఏండ్ల కిందటి మాట. లారీ వాకిట్ల నిలవడ్డది. సేటు తొందర చేసిండు. దీపం దించితే ఆరింది. గాలికి ఆరిందిరా, జల్ది దిగు అన్నడు. మా అన్న దిగిండు. తాడు గూడ కట్టలే. కొక్కెం ఏసి గుంజిండ్రు మా అన్నను. పొద్దు గూకకముందే బండ మూసేసిండ్రు. మనిషి పోయిన జాగల దీపం పెట్టాలె గద బిడ్డా? పెట్టనియ్యలే. ఫోన్ల మీ ఇంటి ఫొటో జూసి గుర్తువట్టిన. గా దీపం పెట్టిపోదామని వచ్చిన. నాకు బంగారమెందుకు?"

"ముందుగాల చెప్తే మీరు రూం ఇయ్యరని భయపడ్డమక్కా" అంది మమతారాణి. "సావు పనికి ఇల్లు ఎవలిస్తరు?"

నిజమే, ఇచ్చేదాన్ని కాదు.

"ఇందాక సారే వచ్చి తలుపు తీసిండు" అన్నాడు మొండయ్య. "దీపం ఆరింది, వద్దంటె ఇంటలేడు. నా ఇల్లు, నా పాతర అంటుండు. తాడన్న కట్టుకో అని కాళ్లు మొక్కిన."

ప్రేమ్‌చంద్ తల అడ్డంగా ఊపాడు. "అన్ని కతలు. నేను బయటికి రాంగనే వీళ్లు దిగుతరు. నువ్వు గీళ్లను నమ్ముతవ్, నన్ను నమ్మవ్."

ముందుకు దూకి ఆయన చొక్కా పట్టుకున్నాను. ఆయన విసురుగా కిందికి జారాడు. చొక్కా గుండీ ఒకటి నా వేళ్ల మధ్య మిగిలింది.

పాతరలోంచి మాట వినిపించింది, కుండలోంచి వచ్చినట్టు. "ఏం లేదు... ఆగు. కింద నల్లగ కుప్ప ఉన్నది. జొన్నలేమో. గా మూలకు ఏదో..." తర్వాతి మాట రాలేదు. టార్చి పడ్డ చప్పుడు మాత్రం మెత్తగా వినిపించింది. కింద ఎక్కడో దాని వెలుగు గోడకేసి చూస్తూ ఉండిపోయింది. మోకు ఒక్కసారిగా బిగిసింది.

నేను నిచ్చెన మీద కాలు పెట్టాను. మొండయ్య నా భుజం మీద ఒక్కటి వేశాడు, నిజంగానే కొట్టాడు. "నువ్వు దిగితే ఇద్దరు పోతరు! తాడు పట్టు!"

పట్టాను. ముగ్గురం పట్టాం. నా బతుకులో నేనెన్నో బస్తాలు లాగాను, బావిలో పడ్డ మేకను లాగాను, ఆ మనిషంత బరువు ఏదీ లేదు. కాళ్లు గోడకు తన్నిపెట్టి లాగుతుంటే మోకు ఊచ మీద కిర్రుమంటూ జానెడు జానెడు వచ్చింది. వచ్చి వచ్చి ఆగిపోయింది. మూతి దగ్గర నిచ్చెనకూ అంచుకూ మధ్య ఆయన భుజం ఇరుక్కుంది.

"నిచ్చెన తియ్ మమతా!"

ఆ పిల్ల మోకు వదిలి నిచ్చెనను కౌగిలించుకుని పైకి గుంజింది. ఆ బరువంతా నా మీద, ముసలాయన మీద పడింది. నిచ్చెన బయట పడగానే మొండయ్య మోకును ఊచకు మెలివేసి నా చేతుల్లో పెట్టి, నేల మీద బోర్లా పడుకున్నాడు. ఊపిరి బిగబట్టి మూతిలోకి భుజం దాకా చెయ్యి పెట్టాడు. తల బయటికి తిప్పి ఊపిరి తీసుకుంటాడు, మళ్లీ చెయ్యి పెడతాడు. తల బయటికి తిప్పినప్పుడల్లా ఒకటే పిలుపు.

"నాంపెల్లన్నా, చెయ్యియ్యే. నాంపెల్లన్నా, వచ్చెయ్యే. నాంపెల్లన్నా!"

ఆయన పిలుస్తున్నది మా ఆయన్ను కాదని నాకు తెలుసు. తెలిసినా నాకేం అభ్యంతరం లేదు, ఎవరి పేరుతో వచ్చినా ఫరవాలేదు, వస్తే చాలు. నేను ప్రభువును పిలుస్తూ లాగాను. మమత మళ్లీ మోకు అందుకుంది. మొండయ్య చేతికి ముందు జుట్టు, తర్వాత చొక్కా కాలరు దొరికాయి. భుజం తిరిగింది. ప్రేమ్‌చంద్ పైకి వచ్చాడు.

వాకిట్లోకి ఈడ్చుకొచ్చాం. ముఖం నేరేడుపండు రంగులో ఉంది. మా అవ్వ మిషన్ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసిన రోజుల్లో ఏదో పసిబిడ్డకు నోట్లో గాలి ఊదడం చూశాను, అదే గుర్తు. ముక్కు మూసి నోట్లో ఊదాను. ఊదాను, చెంపలు వాయించాను, మళ్లీ ఊదాను. ఎంతసేపో తెలియదు. ఛాతీ ఒకసారి ఎగిరి, దగ్గు వచ్చింది. పెద్ద దగ్గు. కళ్లు తెరిచి నన్ను, ఆకాశాన్ని, మొండయ్యను వరుసగా చూశాడు.

"నాంపెల్లి ఎవలే?" అన్నాడు. "ఎవలో నాంపెల్లి, నాంపెల్లి అని ఒకటే పిలుసుడు. నన్ను గాదు గదా అని పలకక ఊకున్న."

అప్పుడు కొట్టాను. రెండు చేతులా కొట్టాను, ఏడుస్తూ కొట్టాను. నా బుద్ధితక్కువ మొగుడా, నా ప్రాణమా అని కొట్టాను. మొండయ్యే వచ్చి నా చేతులు పట్టుకున్నాడు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి సాయంత్రానికి పంపించారు. మేం తిరిగొచ్చేసరికి మొండయ్య సంచి సర్దుకుని గడపలో కూర్చున్నాడు. అరచేతులు రెండూ మోకు ఒరుసుకుని తోలు లేచిపోయాయి, మమత పసుపు అద్దుతోంది.

"పోతం బిడ్డా. నీ ఇంట్ల పెద్ద గడబిడ చేసినం."

"దీపం పెట్టినవా?"

"ఆరింది గద."

"అయితె ఏడికి పోతవ్?" అన్నాను. "సంచి లోపల పెట్టు."

వేపమండలు కట్టగా కట్టి మోకుతో పాతరలోకి దించి పైకీ కిందికీ ఆడిస్తే లోపలి చెడ్డ గాలి కదిలి బయటికి పోతుంది. బావుల్లో మా బాపు వాళ్లు అలాగే చేసేవాళ్లు. తలుపులు, కిటికీ బార్లా తెరిచి నేను, మమత ఒకరి తర్వాత ఒకరం ఆడించాం. ప్రేమ్‌చంద్ అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చుని మండలు విరిచి ఇచ్చాడు. ఆయన మాట్లాడకుండా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి.

హెప్సిబా వచ్చింది. నా చెప్పులు, ఆయన బైబిలు తెచ్చింది. సంగతంతా విని పాతర మూతి దగ్గరి పసుపు కుంకుమ చూసి ముఖం ముడుచుకుంది. "అంత బాగనే ఉన్నదిగని దెబోరా, గీ దీపమేంది? సచ్చిపోయినోళ్లకు మనం దీపాలు పెడ్తమా?"

"అక్కా, ఆ మనిషి నా మొగుణ్ని పైకి గుంజిండు. నేను ఒక దీపం కిందికి దించలేనా?"

ఆమె కూడా ఒక మండ విరిచి కట్టలో పెట్టింది.

చీకటి పడేలోపు ఒకసారి దీపం దించి చూశాం. మెడ దాటగానే ఆరింది. మొండయ్య గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు.

తెల్లారి మళ్లీ మండలు ఆడించాం. ఎండ కిటికీలోంచి బండ మీదికి వచ్చాక ప్రమిదలో నూనె పోసి ఒత్తి వేసి తట్టలో పెట్టాను. మొండయ్య చేతులు మోకు పట్టేలా లేవు. "నువ్వే దించు బిడ్డా" అన్నాడు. నేను మోకు కొంచెం కొంచెంగా వదిలాను. మెడ దగ్గర మంట తల వంచింది, నీలమై చిక్కి శల్యమైంది. మోకు మీద నా చేతుల పక్కన ఇంకో రెండు చేతులు పడ్డాయి, ప్రేమ్‌చంద్‌వి. ఇద్దరం కలిసి దించాం. తట్ట అడుగుకు తగిలింది. మంట ఊగింది, ఊగి నిలబడింది.

ఆ వెలుగులో పాతర కడుపంతా కనబడింది. ఒక మూల నల్లటి జొన్నల కుప్ప. మా టార్చి. ప్రేమ్‌చంద్ చెప్పు ఒకటి. అంతే. కొండను తవ్వినవాడికి ఎలుకైనా దొరుకుతుంది, మా ఆయనకు అదీ లేదు. ఆయన లోపలికి చూసి తల దించుకున్నాడు.

మొండయ్య మూతి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని కిందికి వంగాడు. లోపల పని చేసుకుంటున్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"నాంపెల్లన్నా, లారీ పోయిందే. సేటు పోయిండు. ఇగ నిన్ను ఎవ్వలు జల్ది చేస్తలేరు. నిమ్మళంగ ఉండు."

నూనె అయిపోయేదాకా మేం ఎవరం అక్కడి నుంచి లేవలేదు.